రస్ట్‌లో ఎర్రర్లు: ప్రతిచోటా ప్రశ్నార్థకం పెట్టి పైకి నెట్టేస్తే సరిపోతుందా?

గోదారిగట్టు · సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా టీమ్‌లో రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ఒక ప్రోగ్రామ్ ఉంది. రోజూ రాత్రి బ్రాంచీల నుంచి వచ్చే సీఎస్‌వీ ఫైళ్లు చదివి, లెక్కలు సరిచూసి, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోకి ఎక్కిస్తుంది. చివర్లో ఒక రిపోర్ట్ ఫైల్ రాస్తుంది. ఫంక్షన్లన్నీ రిజల్ట్ (విలువ గానీ ఎర్రర్ గానీ ఉండే టైపు) తిరిగిస్తాయి, ఎర్రర్ టైపు దాదాపు అన్నిచోట్లా బాక్స్<డిన్ ఎర్రర్>, అంటే ఏ ఎర్రర్ ఐనా పట్టే డబ్బా. ఏ లైన్ చూసినా చివర ఒక ? ఉంటుంది. కింద ఫెయిలైతే పైకి పోతుంది, పైనున్నది ఇంకా పైకి పంపుతుంది. మెయిన్ దాకా వచ్చేసరికి లాగ్‌లో మిగిలేది ఇంతే:

ఎర్రర్: ఓఎస్ { కోడ్: 2, కైండ్: నాట్‌ఫౌండ్, మెసేజ్: "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" }

ఏ ఫైల్ దొరకలేదో దేవుడికే తెలియాలి. కాన్ఫిగ్ ఫైలా, బ్రాంచి ఫైలా, రిపోర్ట్ పెట్టే ఫోల్డరా?

దీనికి తోడు మొన్న మా లీడ్ క్లిప్పీలో (కోడ్‌లో తప్పులు వెతికే టూల్) అన్‌వ్రాప్_యూజ్డ్ రూల్ పెట్టాడు. అన్‌వ్రాప్ (ఎర్రర్ వస్తే ప్యానిక్ అయ్యేది, అంటే అక్కడికక్కడే కూలిపోయేది) కనిపిస్తే బిల్డ్ ఆగిపోతుంది. దాంతో కొందరు అన్‌వ్రాప్ తీసేసి అదే చోట అన్‌వ్రాప్_ఆర్_డిఫాల్ట్ పెట్టేస్తున్నారు. క్లిప్పీ సంతోషించింది, నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది.

నా ప్రశ్న: మొత్తానికి ఒక పెద్ద ఎర్రర్ ఈనమ్ (ఎర్రర్ రకాల జాబితాగా ఉండే టైపు) రాసుకోవాలా, ఏ ఎర్రర్‌నైనా చుట్టేసే ఎనీహౌ క్రేట్ (లైబ్రరీ) వాడేసి చేతులు దులుపుకోవాలా?

పాతసీసా · సోమవారం రాత్రి 10:05

ముందు ఆ అన్‌వ్రాప్_ఆర్_డిఫాల్ట్ సంగతి చూడు తమ్ముడూ. అన్‌వ్రాప్ కనీసం అరిచి చస్తుంది. ఇది నోరు మూసుకుని సున్నా రాసి వెళ్లిపోతుంది. అమౌంట్ కాలమ్‌లో "1,250" అని కామాతో వచ్చిందనుకో, పార్స్ ఫెయిలవుతుంది, డేటాబేస్‌లోకి 0 ఎక్కుతుంది. రాత్రి ఎవరికీ తెలియదు. నెలాఖరుకి అకౌంట్స్ వాళ్లకి తెలుస్తుంది.

నేను సీ రాస్తూ పెరిగినవాణ్ణి. అక్కడ ఓపెన్ ఫెయిలైతే -1 ఇస్తుంది, కారణం ఎర్నో అనే వేరియబుల్‌లో అంకెగా ఉంటుంది. మధ్యలో ఒక ప్రింట్ పెడితే ఆ ఎర్నో కూడా మారిపోవచ్చు. రిటర్న్ వాల్యూ చూడకపోతే అడిగేవాడు లేడు. చూసినా గ్యారంటీ లేదు: 2014లో యాపిల్ టీఎల్‌ఎస్ (నెట్‌లో సురక్షిత కనెక్షన్) కోడ్‌లో గోటూ ఫెయిల్ అనే లైన్ రెండుసార్లు పడింది. రెండోది ఏ షరతూ లేకుండా దూకేసింది. సర్వర్ సంతకం సరిచూసే మెట్టు దాటిపోయి, ఎర్రర్ వేరియబుల్‌లో సున్నా, అంటే సక్సెస్, బయటికొచ్చింది.

రస్ట్ ఈ దారి మూసేసింది. విలువ కావాలంటే ఎర్రర్‌ని దాటే వెళ్లాలి. 2015లో 1.0 వచ్చినప్పుడు దానికి ట్రై! మాక్రో ఉండేది, 2016 నవంబర్‌లో 1.13తో ? వచ్చింది. ఒక్క అక్షరంతో ఫంక్షన్ నుంచి బయటికి దూకడం ఏంటని అప్పట్లో గట్టి వాదనే నడిచింది. నాకు ? అంటే ఇష్టమే. కానీ అది మోసేది మాత్రమే, ఏమీ రాయదు. నీ లాగ్‌లో కనిపిస్తున్నది అదే.

నైట్‌షిఫ్ట్ · సోమవారం రాత్రి 11:48

ఈ లాగ్‌లు చదివే వైపు నుంచి మాట్లాడుతున్నా. ఈనమ్ ఐనా, బాక్స్ ఐనా నాకు ఒకటే. రాత్రి రెండింటికి ఫోన్ మోగితే నేను చూసేది: ఏ ఫైల్, ఏం చేస్తుండగా, మళ్లీ నడిపితే నష్టమా కాదా. ఈ మూడూ లేని ఎర్రర్‌కి నేను చేసేది ఒక్కటే, రాసినవాళ్లని నిద్ర లేపడం.

ఇంకోటి కూడా. ఒకే ఎర్రర్ ఐదుసార్లు లాగ్ చేయకండి. కింద ఫంక్షన్ లాగ్ చేసి పైకి పంపుతుంది, పైది కూడా లాగ్ చేసి పంపుతుంది. అలర్ట్‌లో ఐదు ఎర్రర్లు అని వస్తుంది. ఐదు సమస్యలేమో అని కూర్చుంటాం.

లతాంగి · మంగళవారం ఉదయం 7:20

నైట్‌షిఫ్ట్ గారు చెప్పిన ఆ మూడింటి నుంచే మొదలుపెడితే డిజైన్ దానంతట అదే తేలుతుంది.

స్టాండర్డ్ లైబ్రరీ ఎర్రర్‌లో ఫైల్ పేరు ఎందుకుండదని చాలామంది విసుక్కుంటారు. దానికి కారణం ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చేది ఒక అంకె, ఇక్కడ 2. ఐఓ ఎర్రర్ ఆ అంకెని మోస్తుంది, 64 బిట్ మెషీన్ మీద మొత్తం 8 బైట్లే. పేరు కూడా మోయాలంటే ఫెయిలైన ప్రతిసారీ హీప్‌లో చోటు అడిగి స్ట్రింగ్ కాపీ చేయాలి. కానీ "ఈ ఫైల్ ఉందా? లేకపోతే పర్లేదు" అని అడిగే ప్రోగ్రామ్‌కి నాట్‌ఫౌండ్ మామూలు జవాబు. వాళ్లందరి చేతా ఆ ఖర్చు పెట్టించడం లైబ్రరీకి ఇష్టం లేదు. పేరు ఎలాగూ పిలిచినవాళ్ల చేతిలో ఉంది, కావాలంటే వాళ్లే కలుపుకుంటారు.

అంటే కలపాల్సింది మనం. ఎనీహౌతో ఐతే ఇలా:

లెట్ ఫైల్ = ఫైల్::ఓపెన్(&దారి)
    .విత్_కాంటెక్స్ట్(|| ఫార్మాట్!("బ్రాంచి {} ఫైల్ {} తెరుస్తుండగా", బ్రాంచి, దారి.డిస్‌ప్లే()))?;

ఆ రెండు నిలువు గీతలు ఊరికే లేవు. అది క్లోజర్ కాబట్టి ఫైల్ తెరుచుకున్నప్పుడు ఫార్మాట్ నడవదు, ఫెయిలైతేనే నడుస్తుంది. ఉత్త కాంటెక్స్ట్ వాడి లోపల ఫార్మాట్! రాస్తే సక్సెస్ అయినప్పుడు కూడా స్ట్రింగ్ తయారవుతుంది. రోజుకి పది ఫైళ్లకి ఏం కాదు. లక్షల వరుసల లూప్‌లో తేడా కనిపిస్తుంది.

దారి పేరు ఒక్కటే కావాలంటే ఎఫ్ఎస్-ఎర్ అని చిన్న క్రేట్ ఉంది. స్టాండర్డ్ లైబ్రరీలో ఉన్న ఫంక్షన్లే, ఎర్రర్‌లో ఫైల్ పేరు చేర్చి ఇస్తుంది. కానీ బ్రాంచి నంబర్ దానికి తెలియదు. అది తెలిసిన లేయర్‌లోనే రాయాలి. ప్రతి లేయరూ తనకి మాత్రమే తెలిసింది ఒక్క ముక్క చేర్చాలి, కింద వాళ్లు చెప్పింది మళ్లీ చెప్పకూడదు.

గుంటూరు గోఫర్ · మంగళవారం ఉదయం 9:02

😄 గో భాషలో మేం ఇదే చేస్తే మూడు లైన్లు రాస్తున్నారని నవ్వుతారు. ఇఫ్ ఎర్ర్ నాట్ ఈక్వల్ నిల్ అని ప్రతిచోటా ఆగాల్సి వస్తుంది కాబట్టే, ఆ చోట ఒక మాట రాయాలని గుర్తొస్తుంది. గో 1.13 నుంచి %w తో లోపలి ఎర్రర్‌ని చుట్టి పంపొచ్చు, ఎర్రర్స్.ఈజ్ తో పైనుంచి పోల్చి చూడొచ్చు. 2019లో ట్రై అనే ప్రతిపాదన వస్తే జనం ఒప్పుకోలేదు. 2025 జూన్‌లో గో టీమే, ఎర్రర్ల కోసం కొత్త సింటాక్స్ ప్రయత్నాలు ఇక ఆపేస్తున్నామని చెప్పేసింది. పొడుగ్గా ఉన్నా కళ్లకి కనిపిస్తుంది, అదీ మా వాదన.

పాతసీసా · మంగళవారం ఉదయం 9:30

కనిపిస్తుంది నిజమే. కానీ ఆ మూడు లైన్లలో సగం చోట్ల ఉండేది ఉత్త రిటర్న్ ఎర్ర్ కదా అన్నా. అది మా ? కి పొడుగు రూపం. పైగా గోలో ఫైల్ క్లోజ్ చేసి దాని ఎర్రర్ వదిలేస్తే కంపైలర్ నోరెత్తదు. రస్ట్‌లో రిజల్ట్ మీద మస్ట్_యూజ్ ఉంది, వదిలేస్తే వార్నింగ్ వస్తుంది.

లతాంగి · మంగళవారం ఉదయం 9:55

అన్నిచోట్లా రాదు సార్. రస్ట్‌లో ఎర్రర్ చప్పుడు చేయకుండా మాయమయ్యే చోటు ఒకటుంది: డ్రాప్, అంటే వాడుక అయిపోయినదాన్ని రస్ట్ దానంతట అదే శుభ్రం చేసే మెట్టు. గోదారిగట్టు గారి రిపోర్ట్ ఫైల్‌నే తీసుకుందాం. బఫ్‌రైటర్‌తో రాస్తున్నారా?

గోదారిగట్టు · మంగళవారం ఉదయం 10:10

అవునండీ. లూప్‌లో రైట్‌ఎల్ఎన్! తో రాస్తాం, ప్రతిదానికీ ? ఉంది. ఫంక్షన్ అయిపోగానే అదే క్లోజ్ అవుతుంది. అందులో ఇబ్బందేముంది?

లతాంగి · మంగళవారం ఉదయం 10:34

డిస్క్‌లో కొంచెమే చోటు మిగిలిందనుకోండి. బఫ్‌రైటర్ మీరిచ్చిన వరుసల్ని ముందు మెమరీలో పోగేస్తుంది, మామూలుగా 8 కిలోబైట్లు. నిండినప్పుడే డిస్క్‌కి పంపుతుంది. కాబట్టి మీ రైట్‌ఎల్ఎన్! లు చాలావరకు "ఓకే" అనేది మెమరీలో పడ్డందుకు, డిస్క్‌లో పడ్డందుకు కాదు. ఆఖరి ముక్క బఫర్‌లో ఉండగానే ఫంక్షన్ అయిపోతుంది. అప్పుడు డ్రాప్ నడుస్తుంది, మిగిలింది రాయబోతుంది, డిస్క్ నిండిందని ఎర్రర్ వస్తుంది. కానీ డ్రాప్‌కి రిటర్న్ టైప్ లేదు. ఆ ఎర్రర్ ఎక్కడికి పోవాలి? ఎక్కడికీ పోదు, అక్కడే పారేస్తారు. ప్రోగ్రామ్ ఎగ్జిట్ కోడ్ 0, అంటే సక్సెస్, కానీ రిపోర్ట్ చివరి వరుస సగంలో తెగి ఉంటుంది.

కాబట్టి ఫంక్షన్ చివర ఫ్లష్()? అని మనమే రాయాలి. కరెంటు పోయినా ఫైల్ ఉండాలంటే ఇన్‌టూ_ఇన్నర్ తో ఫైల్ బయటికి తీసి సింక్_ఆల్()? కూడా పిలవాలి. ఫైల్ డ్రాప్ అయ్యేటప్పుడు క్లోజ్‌లో వచ్చే ఎర్రర్లు కూడా ఇలాగే పోతాయి.

నైట్‌షిఫ్ట్ · మంగళవారం మధ్యాహ్నం 1:15

సగంలో తెగిన రిపోర్ట్, ఎగ్జిట్ కోడ్ 0. ఇలాంటివి నేను చూశాను, పంపినవాళ్లదే తప్పని వాళ్లతో గంటలు గంటలు వాదించాను కూడా.

మల్లి · మంగళవారం సాయంత్రం 6:40

లీడ్ అన్‌వ్రాప్ మీద ఎందుకు పడ్డాడో అర్థమైంది, వెబ్‌సైట్ల ట్రాఫిక్ మోసే క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ వ్యవహారం కదా? ఒక్క అన్‌వ్రాప్‌తో సగం ఇంటర్నెట్ పడిపోయిందని అందరూ అన్నారు.

పాతసీసా · మంగళవారం రాత్రి 8:20

ఆ కథలో జనం సగమే చెప్తారు. 2025 నవంబర్ 18. క్లిక్‌హౌస్ డేటాబేస్‌లో పర్మిషన్లు మార్చారు. దాంతో ఒక క్వెరీ అవే కాలమ్‌లని రెండోసారి కూడా తేవడం మొదలుపెట్టింది. బాట్‌లని పసిగట్టే మోడల్‌కి వెళ్లే ఫీచర్ ఫైల్ రెట్టింపైంది. ఆ ఫైల్ చదివే ప్రాక్సీలో (మధ్యలో ఉండి రిక్వెస్టులు మోసే ప్రోగ్రామ్) 200 ఫీచర్లకి మించకూడదని హద్దు ఉంది, మెమరీ ముందే కేటాయిస్తారు కాబట్టి. మామూలుగా వాడేది 60 దాకానే. హద్దు దాటగానే ఎర్రర్ వచ్చింది, దాని మీద అన్‌వ్రాప్ ఉంది, ప్యానిక్. బయట జనానికి 5 వందల సిరీస్ ఎర్రర్లు, అంటే సర్వర్ వైపు తప్పని చెప్పేవి.

అక్కడ అన్‌వ్రాప్ బదులు ? ఉంటే? ఎర్రర్ ఒక మెట్టు పైకి వెళ్లేది. పైనున్నవాడు కూడా ? పెడితే చివరికి రిక్వెస్ట్ ఫెయిలే అయ్యేది. అక్కడ లేనిది "కొత్త ఫైల్ బాగోలేదు, పాతదాంతో నడుద్దాం" అనే నిర్ణయం. అది ఏ క్లిప్పీ రూలూ రాసి పెట్టదు.

రెండో సగం ఇంకా ముఖ్యం. అదే కంపెనీలో పాత ప్రాక్సీ కూడా నడుస్తోంది. అది ప్యానిక్ కాలేదు, ఎర్రర్లూ చూపించలేదు. కానీ బాట్ స్కోర్లు సరిగ్గా రాక, అన్ని రిక్వెస్టులకీ సున్నా పడింది. స్కోర్ తక్కువైతే బాట్ అని లెక్క. బాట్‌లని ఆపేయమని రూల్స్ పెట్టుకున్న కస్టమర్ల దగ్గర మామూలు మనుషులు ఆగిపోయారు. తమ్ముడూ, మీ వాళ్లు పెడుతున్న అన్‌వ్రాప్_ఆర్_డిఫాల్ట్ చేసే పని ఇదే.

గుంటూరు గోఫర్ · మంగళవారం రాత్రి 8:41

కానీ ప్యానిక్‌ని వెనకేసుకురావడం కూడా అతి. సర్వర్ ప్రోగ్రామ్‌లో ప్యానిక్ అసలు ఉండకూడదు.

పాతసీసా · మంగళవారం రాత్రి 9:10

ఉండొచ్చు, ఒక రకానికి. ప్రోగ్రామ్‌లో బగ్ ఉంటే తప్ప జరగని పనికి ప్యానిక్ సబబే. బయటినుంచి వచ్చినదేదైనా, ఫైల్, నెట్‌వర్క్, యూజర్ టైప్ చేసింది, రిజల్ట్‌లోనే పోవాలి. ఫీచర్ ఫైల్ తమ కంపెనీలోనే తయారైనా, ఆ ప్రాక్సీకి అది బయటిదే.

ఎక్కడ ప్యానిక్ కుదరదో ఆ చోటు కూడా ఉంది. లైనక్స్ కెర్నల్‌లో రస్ట్ పెడతామని 2021లో ప్యాచ్‌లు వచ్చినప్పుడు, మెమరీ దొరక్కపోతే ప్యానిక్ అయ్యే అలొకేషన్లు (మెమరీ కేటాయింపులు) కుదరవని లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఖరాఖండిగా చెప్పాడు. 2022 డిసెంబర్‌లో కెర్నల్ 6.1తో రస్ట్ లోపలికి వచ్చింది. ఇప్పుడు కెర్నల్ రస్ట్‌లో అలొకేషన్ కూడా రిజల్ట్ ఇస్తుంది, కింద మోసేది మాత్రం పాత ఎర్నో అంకే.

అన్‌వ్రాప్ బదులు ఎక్స్‌పెక్ట్ (అదే పని, కూలేటప్పుడు మనం రాసిన మెసేజ్ చూపిస్తుంది) రాసేవాళ్లకి ఒక మాట. అందులో "ఫెయిలైంది" అని రాయకండి, ఫెయిలైందని ఎలాగూ తెలుస్తుంది. ఎందుకు ఫెయిల్ కాదనుకున్నారో రాయండి: "ఈ రెగెక్స్ కోడ్‌లోనే ఉంది, టెస్ట్‌లో సరిచూశాం" అన్నట్టు. అలా రాయడానికి మాట దొరకలేదంటే అక్కడ ఎక్స్‌పెక్ట్ ఉండకూడదు.

గోదారిగట్టు · మంగళవారం రాత్రి 10:15

సరే, కాంటెక్స్ట్ అర్థమైంది. కానీ అన్నీ ఎనీహౌలో చుట్టేస్తే, పోస్ట్‌గ్రెస్ నుంచి వచ్చింది డూప్లికేట్ వరుసా, కనెక్షన్ తెగిందా అని పైనుంచి ఎలా తెలుసుకోవాలి? ఒకదానికి వరుస వదిలేయాలి, ఇంకోదానికి కాసేపాగి మళ్లీ ప్రయత్నించాలి.

లతాంగి · బుధవారం ఉదయం 7:05

ఇక్కడే "లైబ్రరీకి దిస్‌ఎర్రర్, అప్లికేషన్‌కి ఎనీహౌ" అనే సూత్రం చెప్తారు. దిస్‌ఎర్రర్ అంటే ఎర్రర్ ఈనమ్‌లు రాయడానికి సాయం చేసే క్రేట్. రెండు క్రేట్లూ రాసింది డేవిడ్ టోల్నే అనే ఒకే మనిషి. సూత్రం తప్పు కాదు కానీ నాకు సగంలో ఆగినట్టుంటుంది. నేనడిగేది వేరే: ఈ ఎర్రర్ మీద ఎవరైనా మ్యాచ్ (ఏ రకమో చూసి వేర్వేరు పని చేసే కోడ్) రాస్తారా? రాస్తే ఈనమ్. రాయకపోతే, మనిషి చదవడానికే ఐతే ఎనీహౌ. ఒకే అప్లికేషన్‌లో రెండూ ఉండొచ్చు.

ఈనమ్ రాసేటప్పుడు జనం చేసేది: ఐఓ, పోస్ట్‌గ్రెస్, సీఎస్‌వీ, పార్స్ అని వచ్చిన చోటుని బట్టి వేరియంట్లు పెట్టి, ఒక్కోదానికీ #[ఫ్రమ్] తగిలించడం. అప్పుడు ? దానంతట అదే మార్చేస్తుంది, హాయిగా ఉంటుంది. కానీ కాన్ఫిగ్ చదవలేకపోయినా ఐఓ, రిపోర్ట్ రాయలేకపోయినా ఐఓ. ఈనమ్ పెట్టుకుని కూడా మొదటికే వచ్చాం.

మీ పోస్ట్‌గ్రెస్ లేయర్‌కి నేనైతే మూడు వేరియంట్లు పెడతా: ఇప్పటికే ఉంది, మళ్లీ ప్రయత్నించు, ఆపెయ్. లోపల ఎస్‌క్యూఎల్ స్టేట్ కోడ్ చూడండి. 23505 వస్తే యూనిక్ కీ ఢీకొట్టింది, మొదటిది. 40001 కానీ 40పీ01 కానీ వస్తే సీరియలైజేషన్ ఫెయిల్యూర్, డెడ్‌లాక్. ట్రాన్సాక్షన్ మొత్తం మళ్లీ నడపాలి, ఆఖరి స్టేట్‌మెంట్ ఒక్కటి నడిపితే చాలదు. కనెక్షన్ తెగితే అదీ రెండోదే, కానీ కమిట్ పంపాక తెగితే అది పడిందో లేదో తెలియదు. యూనిక్ కీ ఉంది కాబట్టి మీకు మళ్లీ నడపడం క్షేమమే. మిగిలినవన్నీ మూడోది. అసలు ఎర్రర్‌ని సోర్స్‌లో (లోపలి కారణంగా) పెట్టి ఉంచండి, లాగ్‌కి పనికొస్తుంది.

ఇంకో చిన్న విషయం: మీ డిస్‌ప్లేలో (మనిషి చదివే మెసేజ్‌లో) లోపలి ఎర్రర్ మెసేజ్ కూడా అతికించి, దాన్నే సోర్స్‌గా కూడా ఇస్తే, గొలుసు మొత్తం ప్రింట్ చేసినప్పుడు ప్రతి మాటా రెండుసార్లు వస్తుంది. ఏదో ఒక్కటే చేయండి.

మల్లి · బుధవారం ఉదయం 8:50

వరుసల సంగతేంటి? నాకూ ఇలాంటి పనే ఉంది. పార్స్ చేసినవాటిని కలెక్ట్ చేసి రిజల్ట్<వెక్> గా (వెక్ అంటే జాబితా) తీసుకుంటే 4312వ వరుసలో తప్పుంటే మొత్తం పోతోంది.

లతాంగి · బుధవారం ఉదయం 9:12

కలెక్ట్ మొదటి ఎర్రర్ దగ్గరే ఆగుతుంది, అది దాని పద్ధతి. ఉత్త ఫర్ లూప్ రాయండి, మ్యాచ్ పెట్టి మంచివి ఒక వెక్‌లోకి, చెడ్డవి వరుస నంబర్‌తో ఇంకో వెక్‌లోకి. ఎన్ని చెడ్డవుంటే ఫైల్ మొత్తం తిప్పి పంపాలో మీ వాళ్లని అడగండి, అది ప్రోగ్రామర్ తేల్చే విషయం కాదు.

నైట్‌షిఫ్ట్ · బుధవారం ఉదయం 9:20

ఆ చెడ్డ వరుసల్ని వేరే ఫైల్‌లో అసలు టెక్స్ట్‌తో సహా పెట్టండి, దండం పెడతా. "ఇన్‌వ్యాలిడ్ డిజిట్ ఫౌండ్ ఇన్ స్ట్రింగ్" అని ఒక్కటే వస్తే బ్రాంచికి ఫోన్ చేసి ఏమని చెప్పాలి?

ఎగ్జిట్ కోడ్ గురించి కూడా ఎవరైనా చెప్పండి. ఇప్పుడు అన్నిటికీ 1 వస్తోంది.

పాతసీసా · బుధవారం రాత్రి 7:30

మెయిన్ నుంచి ఎర్రర్ తిరిగిస్తే రస్ట్ దాన్ని డీబగ్ రూపంలో ప్రింట్ చేసి 1 తో బయటికి వస్తుంది, అందుకే మొదటి పోస్ట్‌లో ఆ బ్రాకెట్ల గోల. ప్యానిక్ ఐతే 101. అంటే 101 కనిపిస్తే కోడ్‌లో బగ్, రాసినవాళ్లని లేపు. రస్ట్ 1.61 నుంచి ఎగ్జిట్‌కోడ్ టైపు ఉంది, మెయిన్ దాన్ని తిరిగివ్వొచ్చు. పాత యూనిక్స్ వాడుకలో 75 అంటే తాత్కాలిక ఇబ్బంది, మళ్లీ ప్రయత్నించు అని. లతాంగి గారి రెండో వేరియంట్‌కి 75, మూడోదానికి 1 పెట్టు. సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసులు నడిపేది) నడిపిస్తుంటే రీస్టార్ట్=ఆన్-ఫెయిల్యూర్ పెట్టి, రీస్టార్ట్‌ప్రివెంట్‌ఎగ్జిట్‌స్టేటస్‌లో 1, 101 రాస్తే 75కి మాత్రం అదే మళ్లీ లేస్తుంది. నైట్‌షిఫ్ట్ గారికి ఫోన్ మోగదు.

గోదారిగట్టు · గురువారం రాత్రి 9:25

బాక్స్<డిన్ ఎర్రర్> తీసేసి ఎనీహౌ పెట్టాను, పోస్ట్‌గ్రెస్ లేయర్‌కి మూడు వేరియంట్ల ఈనమ్ రాశాను, రిపోర్ట్‌కి ఫ్లష్ చేర్చాను. లాగింగ్ అంతా మెయిన్‌కి మార్చేశా. టెస్ట్ మెషీన్‌లో కావాలని ఒక ఫైల్ తీసేసి నడిపితే లాగ్ ఇలా వచ్చింది:

రాత్రి లోడ్ నడుపుతుండగా: బ్రాంచి 17 ఫైల్ /డేటా/ఇన్/17.సీఎస్‌వీ తెరుస్తుండగా: నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ (ఓఎస్ ఎర్రర్ 2)

నైట్‌షిఫ్ట్ · గురువారం రాత్రి 11:30

బావుంది. ఏ తేదీ లోడో కూడా పెట్టు బాబూ. అర్ధరాత్రి దాటాక నడిచేవాటికి నిన్నటిదా ఇవాళ్టిదా అని గొడవొస్తుంది.

మల్లి · శుక్రవారం ఉదయం 8:15

నాదొక డౌట్. మేం ఫైళ్లని టోకియో::స్పాన్‌తో (టోకియో అంటే ఒకేసారి చాలా పనులు నడిపే లైబ్రరీ) ఒకేసారి నడుపుతున్నాం. ఒక టాస్క్ ఎర్రర్ తిరిగిస్తే లాగ్‌లో ఏమీ రావట్లేదు.

లతాంగి · శుక్రవారం ఉదయం 8:47

స్పాన్ ఇచ్చే జాయిన్‌హ్యాండిల్‌ని వదిలేసి ఉంటారు. టాస్క్ నడుస్తూనే ఉంటుంది, అది తిరిగిచ్చిన రిజల్ట్‌ని తీసుకునేవాళ్లు లేరు, కంపైలర్ కూడా ఏమీ అనదు. ప్యానిక్ ఐతే కనీసం స్టాండర్డ్ ఎర్రర్‌లో ఒక లైన్ పడుతుంది, ఎర్రర్ తిరిగిస్తే అదీ ఉండదు. జాయిన్‌సెట్‌లో వేసి, జాయిన్_నెక్స్ట్‌ని లూప్‌లో అవెయిట్ చేయండి. వచ్చేది రెండు పొరల రిజల్ట్: బయటిది టాస్క్ ప్యానికైందా, క్యాన్సిల్ అయిందా అని, లోపలిది మీ సొంత ఎర్రర్. ఒక్క ? పెట్టి ఊరుకుంటే బయటి పొరే తీస్తుంది, లోపలిది అలాగే ఉండిపోతుంది. రెండు పెట్టండి. అయితే రెండు ? లతో మొదటి ఎర్రర్ దగ్గరే ఫంక్షన్ అయిపోతుంది, జాయిన్‌సెట్ డ్రాప్ అవుతుంది, మిగతా టాస్కులన్నీ మధ్యలో ఆగిపోతాయి. ఒక బ్రాంచి ఫైల్ పాడైతే మిగతావి కూడా ఆగాలా?

మల్లి · శుక్రవారం ఉదయం 9:03

అక్కర్లేదండీ, మిగతావి ఎక్కిపోవాలి. ఐతే అక్కడ కూడా మ్యాచే రాస్తా.